వంద చెట్లు, పాతిక కొలతలు

పాల్వంచ దాటి కిన్నెరసాని అడవిలో టేకు చుట్టుకొలత తీసేవాళ్లు టేపును నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర, మనిషి రొమ్మెత్తున చుడతారు. ప్రతి చెట్టుకీ చుట్టడం అయ్యే పని కాదు. అక్కడక్కడా కొన్ని కొలిచి అడవి మొత్తానికి లెక్క కడతారు. లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ణి, నా ధ్యాస ఆ 'కొన్ని' మీదే. అంత మాత్రం చూసి ఎంత గట్టిగా చెప్పగలం?

ఈ ప్రశ్నకు హద్దు గీసింది మన తెలుగాయనే, గణాంకవేత్త సి.ఆర్.రావు. ఆయన బడి చదువు కొంత మా ఖమ్మం పొరుగున నందిగామలో సాగింది. కలకత్తాలో పాఠం చెబుతుంటే దండేకర్ అనే విద్యార్థి లేచాడు. అంచనాల కచ్చితత్వానికి గణాంకవేత్త ఫిషర్ చెప్పిన హద్దు కొలతలు లెక్కకు మించి ఉన్నప్పటి మాట కదా, కొన్నే ఉంటే సంగతేమిటని అడిగాడు. రావుగారు రాత్రంతా కూర్చుని మర్నాటికి జవాబు తేల్చారు. 1945లో అచ్చయిన అసమానత అదే. మామూలు షరతుల్లో, పక్షపాతం లేని అంచనా విస్తృతి (వేరియన్స్) ఒక మేర కంటే తగ్గదు, ఎంత తెలివైన సూత్రం వాడినా సరే. సంభావ్యతా విభాజనాల మధ్య దూరాన్ని వంపు తిరిగిన తలం మీద కొలిచే జ్యామితి కూడా ఆ వ్యాసంలోనే ఉంది. నాకు ఎక్కువ ఇష్టం అది. పరీక్షల్లో మాత్రం ఎవరూ అడగరు.

చుట్టుకొలతతో ఆగక ఎత్తు, కొమ్మల పరుపు, బెరడు మందం అంటూ వంద చెట్లకు పాతికేసి కొలతలు రాశామనుకోండి. ఒక్కో కొలత విస్తృతి 1, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదనుకుందాం. అప్పుడు ఆ కొలతల సహవిస్తృతి మాత్రిక ఐగెన్ విలువలన్నీ, అంటే ఒక్కో దిశలో కొలతలు ఎంత చెదిరాయో చెప్పే అంకెలన్నీ, 1 చుట్టూ ఉండాలనిపిస్తుంది. ఉండవు. చిన్నది 0.25 దగ్గరికి దిగుతుంది, పెద్దది 2.25 దగ్గరికి పోతుంది. 25ను 100తో భాగించి, వర్గమూలానికి 1 కలిపి, వర్గం చేస్తే వచ్చేదే ఆ 2.25. పిట్స్‌బర్గ్‌లో రావుగారితో కలిసి పనిచేసిన పరుచూరి కృష్ణయ్య, యిన్, బాయ్‌లతో కలిసి ఈ పై హద్దుకు నాలుగో ఘాతం సగటు పరిమితమైతే చాలని నిరూపించారు. వ్యాసం 1988లో వచ్చింది. కృష్ణయ్య అంతకు ముందు ఏడాదే పోయారు.

ఏ సంబంధమూ లేకపోయినా ఐగెన్ విలువ అంత దాకా పోతుంది. అందుకే ఎవరైనా వంద మందితో పాతిక గళ్ల సర్వే పట్టుకొచ్చి 'అసలు కారణం దొరికింది' అంటే, మీ ఐగెన్ విలువ 2.25 దాటిందా అని ముందు అడుగుతాను. నాలుగు వందల చెట్లు కొలిస్తే ఆ హద్దు 1.56కు తగ్గుతుంది. సరే, ఈ వానల్లో ఆ మిగతా మూడు వందలు కొలవడానికి ఎవరు వెళ్తారు?