చంపడానికి రాసిన ఉత్తరం

2009 ఏప్రిల్. అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉంది. మిడ్‌వెస్ట్‌లో, పేరు చెప్పని ఒక నగరంలో ఉద్యోగ మేళా. పొద్దున తెరిచే తలుపుల కోసం నిరుద్యోగులు రాత్రి నుంచే చలిలో వరుస కట్టారు. ఆగీ అనే అతను, చంటిపాపతో వచ్చిన జానిస్‌తో మాట కలుపుతాడు. పాపను చూసుకోవడానికి మనిషిని పెట్టుకునే స్తోమత ఆమెకు లేదు. తనకోసం తెచ్చుకున్న స్లీపింగ్ బ్యాగును అతను తల్లీబిడ్డలకు ఇచ్చేస్తాడు. తెల్లవారుతుండగా పొగమంచులోంచి ఒక మెర్సిడెస్ కారు జనం మీదికి దూసుకొస్తుంది.

2014లో వచ్చిన స్టీఫెన్ కింగ్ నవల ‘మిస్టర్ మెర్సిడెస్’ ఇలా మొదలవుతుంది. కారు గుద్దిన ఘట్టానికి కింగ్ ఇచ్చిన చోటు చాలా తక్కువ. అంతకుముందు వరుసలో నిలబడ్డవాళ్ల మాటలకే పేజీలు ఖర్చుపెట్టాడు. అందుకే ఆ తర్వాత ‘ఎనిమిది మంది చనిపోయారు’ అన్న మాట ఎక్కడ కనిపించినా మనకి ఆ పాప గుర్తొస్తుంది, కడుపులో దేవినట్టవుతుంది.

ఆ కేసు తేలకుండానే డిటెక్టివ్ బిల్ హాడ్జెస్ రిటైరయ్యాడు. విడాకులైన మనిషి, ఒళ్లు పెరిగింది. మధ్యాహ్నమంతా టీవీ ముందు కూర్చుంటాడు. పక్కన బల్ల మీద తండ్రి నాటి రివాల్వర్. అది ఎందుకక్కడ ఉందో రచయిత మొదట చెప్పడు, మనకే తెలిసిపోతుంది. అప్పుడు హంతకుడి నుంచి ఉత్తరం వస్తుంది.

నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించిన పనితనం ఈ ఉత్తరమే. హంతకుడు కత్తి పట్టుకుని రావడం లేదు. ఒంటరి మనిషి మనసు ఎక్కడ మెత్తగా ఉంటుందో చూసి మాటలతో అక్కడ పొడుస్తాడు. ఆ కారు యజమానురాలిని ఇలాగే ఆత్మహత్యకు నెట్టాడు. ఇప్పుడు హాడ్జెస్ వంతు. కింగ్ ఉత్తరాన్ని ముక్కలుగా కాకుండా పూర్తిగా మన చేతిలో పెడతాడు. తర్వాత హాడ్జెస్ దాన్ని మళ్లీ చదువుతాడు, పాత వృత్తి కళ్లతో. ఒక్కో వాక్యానికి ఒక్కో పేరా, అక్కర్లేని ఆశ్చర్యార్థకాలు, కావాలని చేసినట్టున్న తప్పులు, వాటి మధ్య దొర్లిన బరువైన పదాలు. మనం భయంతో చదివిన కాగితమే అతని చేతిలో సాక్ష్యమవుతుంది. ప్రాణం తీసుకోమని పంపిన ఉత్తరం బతకడానికి పని ఇస్తుంది. ఈ మలుపు కోసం కింగ్ కొత్త సంఘటన ఏదీ తేలేదు. ఒకే పాఠాన్ని రెండుసార్లు చదివించాడు, అంతే.

హంతకుడెవరో చివరిదాకా దాచడం అపరాధ పరిశోధక నవలల అలవాటు. కింగ్ తొందరగానే చెప్పేస్తాడు. బ్రేడీ హార్ట్స్‌ఫీల్డ్ కంప్యూటర్లు బాగుచేస్తాడు, ఐస్‌క్రీమ్ బండి నడుపుతాడు. ఆ బండి హాడ్జెస్ ఉండే వీధిలోకే వస్తుంది. కథ వర్తమాన కాలంలో సాగుతూ ఒకసారి వేటాడేవాడి పక్కన, ఒకసారి వేట పక్కన నిలబడుతుంది. ఇద్దరి మధ్య ఎంత దూరముందో మనకు తెలుసు, హాడ్జెస్‌కి తెలియదు. పుస్తకంలోని ఉత్కంఠంతా ఆ దూరంలోనే ఉంది. బ్రేడీ ఒక కుక్కను చంపడానికి విషం కలిపిన మాంసం తన ఇంట్లో ఎవరి నోటికి చేరుతుందో చెప్పే అధ్యాయాన్ని ఆపి ఆపి చదవాల్సి వచ్చింది. అక్కడ కింగ్ జాలి అడగడు, చూపు కూడా తిప్పుకోనివ్వడు.

చివరి భాగంలో సంగీత కచేరీ వైపు సాగే పరుగు బాగుంది కానీ, అలాంటివి ఇదివరకే చూశాం. దాన్ని నిలబెట్టింది హోలీ గిబ్నీ. ఎవరి కళ్లలోకీ సూటిగా చూడలేని బెదురు మనిషిగా కథలో సగం దాటాక వస్తుంది. కింగ్ ఆమెను ఆ తర్వాతి నవలల్లోకీ తీసుకెళ్లాడు. 2023లో వచ్చిన నవలకు ఆమె పేరే పెట్టాడు. ఈ పుస్తకంలో అసలు ధైర్యమైన నిర్ణయం కూడా ఆమెతో ముడిపడిందే. మాజీ పోలీసు కథానాయకుడై ఉండగా, ఆఖరి దెబ్బ అతని చేత కొట్టించలేదు.