పీఈటీ సారు జేబు

తెల్లవారి ఆరింటికి హైస్కూలు గ్రౌండ్‌లో సున్నం డబ్బాతో కనిపించే మనిషి పీఈటీ సారే. రాత్రి వానకు కబడ్డీ కోర్టు గీతలు కొట్టుకుపోయి ఉంటాయి. తాడు ఒక కొస ఎనిమిదో తరగతి పిల్లాడి చేతిలో, రెండో కొస సారు కాలి కింద. గోడ మీద కూర్చుని వేపపుల్ల నములుతున్న పెద్దాయన, "ఈసారన్నా జిల్లాకు పోతారా సారూ?" అని అడుగుతాడు. "ముందు మండలం దాటనీ పెద్దాయనా" అంటాడు సారు, తల ఎత్తకుండానే.

ఈ మెట్ల వరస పాతదే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954లో పుట్టింది. అండర్-14, 17, 19 విభాగాలు. మండలం, జిల్లా, రాష్ట్రం, ఆపైన జాతీయం. ఇందులో ఊరివాళ్లకు మింగుడుపడని సంగతి ఒకటుంది. మండల పోటీలు అయ్యాక బడి జట్టు అక్కడే ఆగిపోతుంది. నాలుగైదు బడుల నుంచి ఏరిన పిల్లలతో కొత్త జట్టు కడతారు. నిన్నటిదాకా ఈలలేసిన ఊరికి రేపు తన జట్టంటూ ఉండదు, తన పిల్లాడొకడే ఉంటాడు.

అమెరికాలో కథ వేరు. అక్కడ బడి జట్టు బడి జట్టుగానే సీజనంతా ఆడుతుంది. అందుకే మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన డాలస్ పక్కన అలెన్‌లో, ఒక్క హైస్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ కోసం 18,000 మంది పట్టే స్టేడియం 2012లో లేచింది. ఖర్చు దాదాపు 6 కోట్ల డాలర్లు. ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టడానికి ఓట్లేసి ఒప్పుకున్నది ఊరి జనమే. అంత హంగు మనకెందుకనుకోండి.

మన లెక్క చిన్నది. సమగ్ర శిక్ష కింద ఒక హైస్కూలుకు ఏడాదికి వచ్చే క్రీడా గ్రాంటు గరిష్ఠంగా 25,000 రూపాయలు. అదీ సామగ్రికి. బంతులు, నెట్లు, షాట్‌పుట్ గుండు, స్కిప్పింగ్ తాళ్లు కొనేసరికి హరించుకుపోతుంది. మరి పన్నెండు మంది పిల్లల్ని పొరుగూరి మైదానానికి తీసుకెళ్లే ఆటో కిరాయి? మధ్యాహ్నం అరటిపండు? అవి చాలాచోట్ల సారు జేబులోంచే వస్తాయి. ఏ రికార్డులోనూ ఉండవు.

ఊరు పిసినారిదని కాదు. టోర్నమెంటు తమ ఊళ్లో పెడితే ఒకరు బియ్యం బస్తా దింపుతారు, ఇంకొకరు కూరగాయలు పంపుతారు. పరాయి ఊరి ఆడపిల్లలు తరగతి గదుల్లో పడుకుంటే పక్కిళ్లవాళ్లు వేడినీళ్లు కాచిస్తారు. పూర్వ విద్యార్థులు జెర్సీలు కుట్టిస్తారు, కాకపోతే వీపు మీద పిల్లాడి పేరుకన్నా దాత పేరే పెద్దగా ఉంటుంది! లోపం మనసులో లేదు, వేళలో ఉంది. పతకం వచ్చాక శాలువా కప్పడానికి వచ్చే చేతుల్లో సగం, బస్సెక్కేటప్పుడు వస్తే చాలు.

వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి సంగతే చూడండి. మేధో వైకల్యంతో పుట్టిన ఆ అమ్మాయిని చూసి ఊళ్లో కొందరు తల్లిదండ్రుల్ని ఎన్ని మాటలన్నారో! ఆమె పరుగును మొదట పసిగట్టింది బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. రాష్ట్రస్థాయి పోటీల్లో చూసిన కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్ పంపమంటే, బస్సు చార్జీకి ఇంట్లో డబ్బుల్లేని పరిస్థితి. 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో అదే అమ్మాయి, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్ కాంస్యం. అప్పుడు ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం, ఉద్యోగం ప్రకటించింది. ఇవ్వాల్సిందే. కానీ ఆ కోటికి ముందు ఒక బస్సు టికెట్ ఉంది.

మీ ఊరి హైస్కూల్లోనూ ఒక పీఈటీ ఉంటారు. ఈ వారం ఓ పొద్దున గ్రౌండ్ వైపు వెళ్లండి. జెర్సీలు కావాలా అని కాదు, పిల్లలు పోటీకి ఎలా వెళ్తున్నారని అడగండి.