మట్టిలో అమ్మీ

ఏడో తరగతి డ్రాయింగు క్లాసులో మట్టితో మనిషి బొమ్మ చేయమంటారు. మా పిల్లలకు మాత్రం 'మీలో బొమ్మలు చేయరుగా, పువ్వు చెయ్యి' అంటారు. ఇంట్లోనూ కొందరు హరామ్ అని చేతులు కడిగిస్తారు. ఇద్దరితోనూ మాకు పేచీ ఉంది.

వద్దనే ఉలేమాలున్నారు, నిజమే. కానీ హజ్రత్ ఆయిషా బొమ్మలతో ఆడుకున్నారని హదీసులే చెబుతున్నాయి. ముసుగు తొలగిస్తున్న పల్లె స్త్రీని మహమూద్ ముఖ్తార్ గ్రానైటులో చెక్కితే, 1928లో కైరో రైల్వేస్టేషను ముందు నిలిపారు. అదీ ముస్లిం చేతిపనే.

మట్టి దొరికితే మా పిల్ల ఏం చేస్తుంది? బీడీలు చుట్టీ చుట్టీ వంగిపోయిన అమ్మీ వీపు చేస్తుంది. ఆ వీపును మాకే క్లాసులోనూ చూపలేదు.

ఇష్టంలేని పిల్లను బలవంతపెట్టొద్దు. ఇష్టమున్న పిల్లకు పువ్వుతో సరిపెట్టొద్దు. ముందు ఆ పిల్లనడగండి.