పొద్దుతిరుగుడు పువ్వు – ప్రసంగ దృష్టాంతము: ఒక విమర్శ

కొన్ని సంవత్సరాలుగా మన ప్రసంగములలో ఒక దృష్టాంతము తరచుగా వినిపిస్తున్నది. పొద్దుతిరుగుడు పువ్వులోను, సముద్రపు నాటిలస్ గుల్లలోను 1.618 అనే ఒకే నిష్పత్తి ఉన్నదని, అది సృష్టికర్త చేవ్రాలని, దీనికి వేరే కారణము చూపడము ఎవరి తరము కాదని బోధకులు చెబుతున్నారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే దొనకొండ ప్రాంతపు సంఘములో పెరిగి, డిగ్రీ కళాశాలకు వెళ్లిన ఒక యువకుడు మమ్మును ఇలా అడిగాడు: "అయ్యగారూ, గుల్ల సంగతి పాస్టరుగారు చెప్పింది తప్పని తేలింది. మరి మిగతావి ఎట్లా నమ్మేది?" ఆ ప్రశ్న వలననే ఈ వ్యాసము వ్రాయవలసి వచ్చినది.

ముందు నిజమైన భాగము చూద్దాము. దొనకొండ దగ్గర ఒక రైతును అడిగి గింజ పట్టిన పువ్వులు కొన్ని తెచ్చుకున్నాము. గింజల వరుసలు మధ్య నుండి అంచుకు వంపు తిరిగి వెళ్తాయి; కొన్ని కుడికి, కొన్ని ఎడమకు. ఒక్కొక్క వరుసకు రంగు పెట్టి లెక్కించగా ఒక పువ్వులో ఒక వైపు 34, మరొక వైపు 55 వచ్చాయి. 1, 1, 2, 3, 5, 8, 13, 21, 34, 55 అనే వరుసలో ప్రతి సంఖ్య తన ముందున్న రెండింటి మొత్తము. పక్కపక్క సంఖ్యల నిష్పత్తి పోనుపోను 1.618కి దగ్గరవుతుంది. మరొక పువ్వును మూడుసార్లు లెక్కించి మూడు వేరు సమాధానములు పొందాము. ఆ తప్పు మా కన్నులదేనని మొదట అనుకున్నాము. కానీ ఇంగ్లండులోని మాంచెస్టర్ విజ్ఞాన, పరిశ్రమల మ్యూజియము 2012లో ప్రజల చేత పెంచి లెక్కింపజేసిన 657 పువ్వుల ఫలితములు 2016లో ప్రచురితమయ్యాయి. ఎక్కువ పువ్వులు ఈ వరుసనే పాటించాయి; సుమారు అయిదింట ఒకటి పాటించలేదు, లేదా మరింత చిక్కైన అమరిక చూపింది. చేవ్రాలు అన్న తరువాత అయిదింట ఒకటి తప్పితే ఏమి చెబుతాము?

గుల్ల విషయములో దృష్టాంతము పూర్తిగా పొరపాటు. 1.618 నిష్పత్తి గల వంపు పావు చుట్టుకు అన్ని రెట్లు పెరగాలి. అనగా పూర్తి చుట్టుకు దాదాపు 7 రెట్లు. గణిత అధ్యాపకుడు క్లెమెంట్ ఫాల్బో 1999లో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లోని నాటిలస్ గుల్లలను కొలిచి, సగటు 1.33 మాత్రమేనని 2005లో ప్రచురించాడు. ఆ లెక్కన పూర్తి చుట్టుకు 3 రెట్లే. గుల్ల వంపు అందమైనదే, క్రమము గలదే. మనము చెప్పే సంఖ్య మాత్రము అందులో లేదు.

"వేరే కారణము లేదు" అన్న మాట మరీ ప్రమాదకరము. మొక్క ఎదుగుతున్న కొనలో కొత్త మొలక, పాత మొలకలకు ఎడముగా, ఖాళీ ఎక్కువ ఉన్న చోట పుడుతుంది. ఆక్సిన్ అనే రసాయనము ఎక్కడ కూడితే అక్కడ మొలక లేస్తుంది. ఇలా సాగితే మొలకకు మొలకకు మధ్య కోణము సుమారు 137.5 డిగ్రీల వద్ద కుదురుకుంటుంది. ఆ కోణము నుండే 34, 55 వస్తాయి. 1992లో డ్వాడీ, కూడే అనే ఫ్రెంచి భౌతిక శాస్త్రజ్ఞులు అయస్కాంత ద్రవపు చుక్కలను నూనె పళ్లెము మధ్యలో ఒకటొకటిగా వదిలారు. చుక్కలు ఒకదానినొకటి నెట్టుకుంటూ అంచుకు జరిగి అదే అమరికకు వచ్చాయి. అందులో జీవము లేదు, విత్తనము లేదు.

ఇది విని భయపడే బోధకులున్నారు. వారు ఛార్లెస్ కౌల్సన్‌ను చదవాలి. ఆక్స్‌ఫర్డులో గణిత ఆచార్యుడు, మెథడిస్టు సంఘములో ప్రసంగీకుడు. విజ్ఞానము ఇంకా వివరించని ఖాళీలలో దేవుని నిలిపితే, ఖాళీ మూతపడిన కొద్దీ దేవుడు కుదించుకుపోతాడని 1955లో వచ్చిన తన గ్రంథములో ఆయన హెచ్చరించాడు. యోబు గ్రంథము 38వ అధ్యాయము సృష్టి కొలతలను గూర్చి మాట్లాడుతుంది; కానీ యోబు చేతికి ఒక రుజువు ఇవ్వదు, ప్రశ్నలు ఇస్తుంది. మన దృష్టాంతము ఆ అధ్యాయమును తలక్రిందులు చేస్తున్నదని మా అభిప్రాయము.

మరొక మాట. ఈ సంఖ్యలకు ఇటలీ దేశస్థుడైన ఫిబొనాచి పేరు మనకు అలవాటైనది. ఆయన గ్రంథము 1202 నాటిది. 12వ శతాబ్దపు జైన పండితుడు హేమచంద్రుడు, ఆయనకు శతాబ్దాల ముందే విరహాంకుడు, ఛందస్సులో ఇవే సంఖ్యలను గుర్తించారు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. నాలుగు మాత్రల పాదమును ఎన్ని విధాలుగా కట్టవచ్చో మార్కాపురం పలక మీద వ్రాసి చూడండి: గగ, గలల, లగల, లలగ, లలలల – అయిదు. అయిదు మాత్రలకు ఎనిమిది, ఆరింటికి పదమూడు. చివరి అక్షరము లఘువైతే మిగిలేది ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు తక్కువ. అందుకే ముందున్న రెండూ కలుస్తాయి. పద్యము తెలిసిన మన వృద్ధ విశ్వాసులకు ఇది నాటిలస్ గుల్ల కంటె దగ్గర. వారిలో ఎవరూ సముద్రపు అడుగున ఆ ప్రాణిని చూడలేదు గదా.

ఆ యువకునికి గుల్ల సంగతి తప్పేనని ఒప్పుకొని, పువ్వును లెక్కించమని ఇచ్చాము. "ఈ మాట పాస్టరుగారు ఆదివారము సంఘము ముందు చెబుతారా?" అని అడిగాడు. పాస్టరుగారిని మేమే వెళ్లి కలిశాము. ఆయన శ్రద్ధగా విని, తన నోటు పుస్తకములో ఆ పుట దగ్గర ఒక కాగితము పెట్టుకున్నారు. ఇంకా చెప్పలేదు.