విశాలకోణ కటకము – భూగర్భ రైలు స్టేషను

కావ్యమునందు స్థలవర్ణన మెంతవఱకు ఉండదగునను ప్రశ్నను మన ఆలంకారికులు పూర్వమే చర్చించిరి. రసమునకు ఆలంబన విభావము, ఉద్దీపన విభావము అని రెండు కారణములను వారు నిరూపించిరి. ఎవరిని గూర్చి భావము పుట్టునో ఆ వ్యక్తి ఆలంబనము. ఆ భావమును పెంపొందించు తావు, వేళ, వెన్నెల, వాన మున్నగునవి ఉద్దీపనములు. ఈ విభాగము కవిత్వమునకే గాక ఛాయాచిత్రణమునకును వర్తించును. అందుకు భూగర్భ రైలు స్టేషను మంచి ఉదాహరణము.

ఈ చర్చ మనకు దూరమైనది గాదు. బెంగుళూరులో 2016లోను, చెన్నైలో 2017లోను భూమిక్రింది మెట్రో స్టేషనులు తెరవబడినవి. హైదరాబాదులో 2017లో ప్రారంభమైన మెట్రో స్తంభములపై సాగునది. కావున అచ్చటినుండి వచ్చిన బంధువులకు చూపదగిన వింతగా ఈ నేలక్రింది మందిరములు ప్రవాసాంధ్రులకు లభించినవి. నేటి చేతిఫోనులు పెక్కింటిలో విశాలకోణ కటకము అమర్చియే యుండుటచే, ఒకప్పుడు వృత్తి ఛాయాచిత్రకారుని పరికరమైన వైడ్ యాంగిల్ లెన్సు ఇపుడు ప్రతివాని చేతిలోనికి వచ్చినది. చేతికి వచ్చిన పరికరపు గుణదోషముల నెఱుగుట మేలు.

24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిలిముపై 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల సామాన్య కటకము అడ్డముగా సుమారు 40 డిగ్రీల మేర చూపును. 24 మిల్లీమీటర్ల కటకము సుమారు 74 డిగ్రీలు చూపును. భూగర్భ స్టేషనులో ఒకవైపు గోడ, మఱొకవైపు పట్టాల గుంట. వెనుకకు జరుగుటకు చోటు లేదు. వెలుతురును తక్కువ. న్యూయార్కు సబ్‌వే నిబంధనలు స్వంతమునకు చిత్రములు తీసికొననిచ్చును గాని ముక్కాలిపీటను, దీపములను అనుమతింపవు. ఇట్టిచోట విశాలకోణ కటకము రెండు విధముల తోడ్పడును. చోటు లేకున్నను చోటు చూపును; చేతివణకు చిత్రమున తక్కువగా కనబడనిచ్చును గనుక మసక వెలుగులోను పని జరుగును. కావున ఇచ్చట ఈ కటకము విలాసము గాదు, అవసరము.

అయినను ఇది ఉన్నదానిని వికృతము చేయునను నింద యొకటి కలదు. ఈ నిందను పరీక్షింపవలెను. ఒకే తావున నిలిచి సామాన్య కటకముతో నొకటి, విశాలకోణ కటకముతో నొకటి చిత్రములు తీసి, రెండవదాని నడిమి భాగమును కత్తిరించి పెద్దది చేసినచో, దూరసామీప్యముల విషయమున రెండును సరిపోవును. అనగా దగ్గఱిది పెద్దదిగను దూరపుది చిన్నదిగను తోచుటకు మూలము కటకము గాదు, మనిషి నిలిచిన చోటు. ఇంకొక రహస్యము కలదు. 24 మిల్లీమీటర్ల కటకముతో తీసిన చిత్రమును పదింతలు పెంచి, 24 సెంటీమీటర్ల దూరమునుండి ఒంటికంటితో నడిమికి సూటిగా చూచినచో, అంచుల సాగుడు చాలవఱకు మాయమగును. అదే చిత్రమును అయిదింతలు మాత్రమే పెంచి పుస్తకములో అచ్చువేసినచో 12 సెంటీమీటర్ల దూరమునుండి చూడవలెను. పుస్తకము నంత దగ్గఱగా పట్టి చదువువా రుండరు. కావున అతిశయోక్తి సగము పుటలో పుట్టినది. స్తంభములు పడిపోవునట్లు వాలుట కెమెరాను పైకెత్తిన చేతి దోషము. కెమెరాను నేలకు సమతలముగా పట్టినచో అవి నిటారుగనే నిలుచును.

కటకము నిర్దోషియైనచో, చిత్రములం దగపడు కొఱత యెక్కడిది? మూడు ఉదాహరణములు చూడవలెను.

మొదటిది వాషింగ్టను నగరపు మెట్రో. 1976 మార్చి 27న ప్రారంభమైన ఈ మార్గపు స్టేషనులను హ్యారీ వీస్ అను వాస్తుశిల్పి రూపొందించెను. 600 అడుగుల ప్లాట్‌ఫారముపై, గళ్లు గళ్లుగా లోతులు తీర్చిన కాంక్రీటు కమాను ఒక్క వంపుగా సాగును. దీపములు క్రిందినుండి ఆ వంపుపైకి వెలుగును ప్రసరింపజేయును. అమెరికా వాస్తుశిల్పుల సంస్థ 2014లో దీనికి ఇరువదియైదేండ్ల పురస్కార మొసగెను. విశాలకోణ కటకమునకు దీనికంటె తగిన వస్తువు దొరకదు. గళ్లు చూపును దూరమునకు లాగుకొనిపోవును. కాని పలువురు జనము పోవువఱకు వేచి, ఖాళీ ప్లాట్‌ఫారమునే తీయుదురు. అట్టి చిత్రము అద్భుతరసమును కలిగింపగలదు. అపుడు కట్టడమే ఆలంబనము, అందు దోషము లేదు. కాని ఆ చిత్రమే స్టేషను అనుకొనుట పొరపాటు. జనము దిగని స్టేషను, నాయకుడు లేని పురవర్ణన వంటిది.

రెండవది వాకర్ ఎవాన్స్ న్యూయార్కు సబ్‌వే పెట్టెలలో 1938 మొదలు 1941 వఱకు తీసిన చిత్రములు. ఆయన కాంటాక్స్ కెమెరాను కోటులో దాచి, గుండీల నడుమనుండి కటకము తొంగిచూచునట్లు అమర్చి, చేతి మడతలోనుండి తీగతో మీట నొక్కెను. ఆ చిత్రములు 1966లో పుస్తకముగా వెలువడినవి. ఎదుటి బల్లపై కూర్చున్నవారి ముఖములే అందు సర్వస్వము. ఎవరికొఱకును ముస్తాబు కాని ఆ ముఖములు మిక్కిలి నిజమైనవి. కాని స్టేషను కనబడదు. ఏ మార్గమున, ఏ తావునకు పోవుచున్నారో తెలియదు. ఇందు ఆలంబనము పుష్కలము, ఉద్దీపనము స్వల్పము. మఱియు ఆ ముఖముల యజమానులకు తమ చిత్రము తీయబడినట్లు తెలియదు.

మూడవది లండను. 1940లో జర్మను బాంబులు పడుచుండగా ప్రజలు భూగర్భ స్టేషనులలో తలదాచుకొనిరి. నాటి బ్రిటిషు సమాచార మంత్రిత్వశాఖ కోరగా బిల్ బ్రాంట్ ఆ యేటి నవంబరులో ఆ ఆశ్రయములను చిత్రించెను. లివర్‌పూల్ స్ట్రీట్ వద్ద ఇంకను పూర్తికాని సొరంగములో, ఇరుప్రక్కల బారులు తీరి పడుకొన్న మనుష్యులతో దృశ్యము లోలోపలికి పోవును. అచ్చట సొరంగపు లోతును కొలుచునది గోడ కాదు, ఒకరి ప్రక్క నొకరుగా నిద్రించు శరీరములు. తావును మనిషియు వేఱుపడలేదు. ఆ వంపు గుండ్రముగా మీదికి వ్రాలియుండుటచే ఆ నిద్ర మఱింత జాలిగొలుపును. ఆ నిద్రవలన వంపు రక్షయై తోచును. ఉద్దీపనము ఆలంబనమునకు తోడ్పడుట యనగా ఇదియే.

విశేషమేమన, బ్రాంట్ విశాలకోణ కటకమును చేపట్టినది ఆ తరువాతనే. ఒకప్పుడు పోలీసులు నేరము జరిగిన గదిని పూర్తిగా నమోదు చేయుటకు వాడిన కొయ్య కెమెరాతో ఆయన తీసిన నగ్నచిత్రములు 1961లో గ్రంథముగా వచ్చినవి. వానిలో కటకమునకు మిక్కిలి చేరువైన మోకాలు, భుజము కొండచరియలవలె తోచును. ఏమియు వదలక చూపుటకై పుట్టిన పరికరమే మనిషిని కొండగా మార్చినది. కావున ఈ కటకమునకు స్వభావసిద్ధమైన సత్యము గాని అసత్యము గాని లేదు. పట్టినవాని ఔచిత్యమే ప్రమాణము.

ఆ ఔచిత్యమునకు కొన్ని సూత్రములు చెప్పవచ్చును. మనిషిని అంచునకు నెట్టరాదు. అచ్చట ముఖము సాగిపోవును. దూరమున నిలుపరాదు; చీమవలె నగును. రెండు మూడు బారల దూరమున, నడిమికి కొంచెము ప్రక్కగా నిలిపినచో ముఖము ముఖముగనే యుండి, వెనుక స్టేషను తన పూర్తి వైశాల్యముతో విచ్చుకొనును. ఇందొక నైతిక లాభమును కలదు. ఇంత చేరువనుండి తీయువాడు దాగియుండజాలడు. ఎదుటివాని యనుమతి నడుగవలసి వచ్చును. దీనికి ప్రతిగా నొక ప్రమాదమును కలదు. ప్రక్కన నిలిచిన అపరిచితుడు తాను చిత్రమునకు వెలుపల నున్నాననుకొనును, 74 డిగ్రీలలో నతడును చిక్కును. అంచులను చూచిన పిమ్మటనే మీట నొక్కుట మర్యాద.

ఈ మర్యాద ప్రవాసాంధ్ర కుటుంబములకు మఱింత అవసరము. ఊరు విడిచి తరములు గడిచినవారికి తాము బ్రతికిన నగరములలో తమ జాడ చెప్పునవి కొలదిగనే యుండును. స్టేషను కమాను ఎత్తెంతయో, ప్లాట్‌ఫారము పొడవెంతయో రేపటివారికి ఇంజనీర్ల పటములలో దొరకును. రైలు వచ్చుదాక చేతిసంచి నేలపై పెట్టి, పైటకొంగు సరిచేసికొనుచు ఆ కమాను క్రింద నిలిచిన అమ్మమ్మ ఏ పటములోను దొరకదు. ఆమె ప్రక్కకు తప్పుకొనువఱకు ఆగి తీసిన చిత్రమున కమాను మాత్రమే మిగులును. ఆమెను ముందు నిలిపి తీసినచో కమానును మిగులును, ఆమెయు మిగులును. విశాలకోణ కటకమునకు ఈ రెంటిని ఒక్కచో చేర్చు శక్తి కలదు. దాని నట్లు వినియోగించుటయే ఉచితము.