బందరు తాబేలుకు ఫ్రిజ్ ఎందుకు?

అక్టోబరు వచ్చిందంటే ఐరోపాలో తాబేళ్ళు పెంచేవాళ్ళకు హడావుడి మొదలవుతుంది. మధ్యధరా ప్రాంతపు హెర్మన్ తాబేలుకు కొన్ని వారాల పాటు మేత మాన్పిస్తారు. పేగులు ఖాళీ అయ్యాక తూకం వేసి, గాలి ఆడే పెట్టెలో సర్ది, చలినిద్ర కోసం ఏకంగా ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. లోపల సుమారు 5 డిగ్రీలుండాలి. సున్నా కిందికి దిగితే కళ్ళు పోవచ్చు. 10 దాటితే మెలకువ వచ్చి, ఒంట్లో దాచుకున్న సత్తువ కాస్తా కరిగిపోతుంది. గాలి కోసం మధ్యమధ్యలో తలుపు తీయాలి, బరువు తగ్గుతోందేమో చూస్తూండాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్‌కు ఈ తంటాలేవీ లేవు. ఆయన తాబేలు తిమోతి తోటలో తనే గొయ్యి తవ్వుకుని పడుకునేది. ఆయన చూసి రాసుకునేవాడు. (మగదనుకుని పేరు పెట్టిన తిమోతి ఆడదని తర్వాతెప్పుడో తేలింది.)

వీడియోల్లో చూసి ఈ ఫ్రిజ్ విద్యను బందరులోనో గుడివాడలోనో ప్రయోగిస్తే మాత్రం తాబేలు ప్రాణానికే ముప్పు. బందరులో సంక్రాంతి తెల్లవారుజామున కూడా చలి 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. ఇక మనవాళ్ళు ముచ్చటపడే నక్షత్ర తాబేలు రాయలసీమ లాంటి మెట్ట నేలల జీవి. దానికి చలినిద్ర అలవాటే లేదు. చలికి తేమ తోడైతే ముక్కు కారి, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. అసలు దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. తాబేలుంటే ఇల్లు కలిసొస్తుందని నమ్మేవాళ్ళకు ఇత్తడి తాబేలు ఉండనే ఉంది.

డెల్టా తాబేలు నిద్రపోయేది ఎండల్లో. వేసవిలో కాలువలు కట్టేస్తారు. చెరువులు అడుగంటి, బురద పైన పెచ్చు కట్టి నెర్రెలిస్తుంది. అప్పుడు మన మంచినీటి తాబేలు ఆ బురదలోకే దూరిపోతుంది. తల లోపలికి లాక్కుంటుంది. పొట్టవైపు వెనక భాగాన రెండు మెత్తటి రేకులుంటాయి. కాళ్ళు ముడుచుకోగానే అవి తలుపుల్లా మూసుకుంటాయి. నీళ్ళు వచ్చేదాకా అలాగే పడి ఉంటుంది. పూడిక తీసే పొక్లెయిన్ బకెట్‌లో మట్టిగడ్డలా పడేది ఇదే. చచ్చిందనుకుని గట్టున విసిరేయడమో, దొరికింది కదా అని కూరకు పట్టుకుపోవడమో జరుగుతుంది. ఇదీ చట్టం కాపాడుతున్న జీవే.

దివిసీమకు వెళితే లెక్క మళ్ళీ మారుతుంది. ఐరోపాలో తాబేలు ఫ్రిజ్ పెట్టెలో ముడుచుకునే రోజుల్లో ఇక్కడ సముద్రపు తాబేలు ఒడ్డెక్కుతుంది. జనవరి నుంచి రాత్రిపూట ఆలివ్ రిడ్లేలు ఇసుక తవ్వి, ఒక్కోటి వంద దాకా గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాటిని సేకరించి, కంచె వేసిన ఇసుకలో పాతిపెడుతుంది. సుమారు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడెక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయి. తాబేలు బతుక్కీ వేడికీ ఉన్న లంకె ఇంత దగ్గరిది!

అక్వేరియం దుకాణంలో కొన్న రెడ్ ఇయర్డ్ స్లయిడర్ తాబేలు మీ ఇంట్లో ఉంటే, దాన్ని ఏసీ గదిలో పెట్టకండి. చలికాలమని నిద్రపుచ్చే ప్రయత్నాలూ చేయకండి. మేత మానేస్తే పశువైద్యుడికి చూపించండి. అది అమెరికా జాతి, ఎక్కడైనా నెగ్గుకొస్తుంది. అందుకే విసుగొచ్చిందని బందరు కాలువలో మాత్రం వదలకండి. కాలువ పూడికలో మన తాబేలు కనిపిస్తే అటవీశాఖకు కబురు చేయండి.