లంగరు పాతదే, ఊపిరి కొత్తది

ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. ఈనాటి 175 గేట్ల బ్యారేజీ 1982కి సిద్ధమైంది. గేట్లు కొత్తవే గానీ డెల్టా పొలాలకు నీళ్లు మోసేది ఇప్పటికీ ఆనాటి కాలువలే. పాతదాంట్లోని తెలివి నిలుపుకుని, అరిగిన భాగం మార్చుకోవడం గోదావరి జిల్లాలకు తెలిసిన పద్ధతి. మునిగిన బోటును పైకి తీసే విద్యకూ ఇదే దారి. లంగరు, తాడు, ఏటి వాలు ఎరిగిన చెయ్యి దాని ప్రాణం. సోనార్, పొక్లెయిన్, డైవర్ సిలిండర్ ఆ ప్రాణానికి బలమివ్వాలి, దాని చోటు లాక్కోకూడదు.

గోదావరి మీది కచ్చులూరు దీనికి గొప్ప సాక్ష్యం. 2019 సెప్టెంబరు 15న రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు అక్కడ మునిగింది. నేవీ, ఎన్డీఆర్ఎఫ్ వచ్చాయి. బోటు ఎక్కడుందో సోనార్ చెప్పింది, కానీ పైకి తేవడం దాని పని కాదు. ఆ పని కాకినాడ ధర్మాడి సత్యం బృందం చేతికి వచ్చింది. ఏటి అడుగున లంగరు ఈడుస్తున్నప్పుడు అది బండను పట్టిందా, ఇసుకలో జారుతోందా, ఇనుముకు తగిలిందా అన్నది తాడు బిగువును బట్టే తెలియాలి. ఎంత చూపున్నా బురదనీటిలో కన్ను పనిచేయదు. ఇనుప తాడు తెగింది, వరద తిరిగి ముంచుకొచ్చింది, ఒకసారి రెయిలింగ్ మాత్రమే ఊడి వచ్చింది. అయినా వాళ్లు వదల్లేదు. చివరికి విశాఖ డైవర్లు సిలిండర్లతో దిగి బోటుకు తాడు కట్టాక, అక్టోబరు 22న అది ఒడ్డుకు చేరింది. లంగరు పట్టు చోటు పసిగట్టింది, డైవర్ ముడి వేశాడు, యంత్రం లాగింది. ఈ మూడింటిలో ఏది తీసేసినా ఆ పని జరిగేది కాదు.

ఇలాంటి మేళవింపు లోకంలో మరోచోటా ఉంది. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ రూపొందించిన, డైవర్లు నీటిలో ఊపిరి తీసుకునే సాధనమైన ఆక్వాలంగ్‌ తరానికి చెందిన రెండు గొట్టాల రెగ్యులేటర్లను ప్రేమించేవాళ్లు నేటికీ ఉన్నారు. బుడగలు ముఖం మీదకు రాకుండా వీపు వెనక పోయే ఆ అమరికను అలాగే ఉంచి, గట్టిపడిన పాత రబ్బరుకు బదులు సిలికాన్ డయాఫ్రమ్, సిలికాన్ గొట్టాలు వేస్తారు. ఆపదలో రెండో మౌత్‌పీస్ తగిలించడానికి పాతవాటిలో లేని కొత్త పోర్టు పెడతారు. రూపం పాతదే, ఊపిరికి మాత్రం భద్రత పెరిగింది. ఆ పని చేసేవాళ్లను పాతకాలపు మూర్ఖులని ఎవరూ అనరు. మన లంగరువాళ్లను మాత్రం అంటారు!

కచ్చులూరులో జరిగినదంతా అదృష్టమని, పెద్ద క్రేన్ ఉంటే ఈ మోటు విద్య అక్కర్లేదని కొందరి వాదన. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర గేట్లను ఢీకొని ఇరుక్కున్న బోట్లు దీనికి జవాబు. క్రేన్లు లాగితే అవి కదలలేదు. డైవర్లు నీళ్లలో దిగి కోయవలసి వచ్చింది. కాకినాడ నుంచి వచ్చిన అబ్బులు బృందం వేరే పెద్ద బోట్లను ఇనుప దూలాలతో జోడించి, గొలుసు కప్పీలతో లాగాకే దారి తెరుచుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియని బలం తాడును తెంపుతుంది, లేదా బోటును చీలుస్తుంది. ఈ విద్యలో ప్రాణాపాయం ఉందన్న మాట మాత్రం నిజం. అందుకే భద్రత గల కొత్త సామాను కావాలి. పాత విద్యను మాన్పించడం దానికి మందు కాదు.

నాలుగు యంత్రాలు అద్దెకు తెచ్చి, ఏటి మర్మం తెలియకుండానే నిపుణులమని బోర్డు కట్టుకునేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. కష్టం వచ్చినప్పుడే లంగరు విద్య తెలిసినవాళ్లను పిలుస్తాం, బోటు ఒడ్డెక్కగానే మరిచిపోతాం. ఆ చేతులు అలిసిపోతే తాడు బిగువు చదివే తెలివి ఏ పుస్తకంలో దొరుకుతుంది? ధవళేశ్వరంలో బ్యారేజీ నీడనే ఒక శిక్షణ కేంద్రం పెట్టాలి. పెద్దలు లంగరు నేర్పాలి, డైవర్లు సిలిండర్ నేర్పాలి, యువకులు రెండూ నేర్చుకోవాలి. వాళ్లకు కాంట్రాక్టు కూలి కాదు, గౌరవప్రదమైన జీతం ఇవ్వాలి. మరో బోటు మునిగేదాకా ప్రభుత్వం ఆగకూడదు.